అగ్నిని దాచు పాత్ర

సోదరీమణులారా! కుండ కొనబోయిన ఇల్లాలు మొట్టమొదట చేయు పని యేమి? దానిని ఎడమచేత ఎత్తి పట్టి, కుడిచేతి వ్రేళ్ల కణుపులతో తట్టి, చెవి యొగ్గి వినును. ఖంగున మ్రోగినచో కుండ మంచిది. బొదబొదమని పలికినచో కంటికి కానరాని బీట యెక్కడనో యున్నదని గ్రహించి, మరియొకదానిని చేతికెత్తుకొనును. ఈ విద్య మనకు ఏ పాఠశాలయందును నేర్పలేదు. తల్లుల చేతులనుండి మన చేతులకు వచ్చినది.

గత వేసవిలో మార్కాపురపు బజారున మా అత్తగారు నీళ్లకుండ నొకదానిని ఇట్లే తట్టి చూచుచుండిరి. మా ఆడపడుచు కుమార్తె గిద్దలూరినుండి వచ్చి మా వద్దనే యుండెను. లోహశాస్త్రమున పట్టము పుచ్చుకొన్న పిల్ల. అమ్మమ్మ చేయుచున్న పనిని చూచి నవ్వి, “అమ్మమ్మా! కల్పాక్కములో నేను నేర్వబోవు విద్యయు ఇదియే సుమా! అచ్చట కుండలకు మారుగా గొట్టములను తట్టి చూతురు” అనెను.

ఆ మాటతో మా యింట కలహము మొదలయ్యెను. అణుశక్తి పరిశోధనాలయమునుండి తనకు పిలుపు వచ్చిన సంగతి పిల్ల అంతవరకు అమ్మమ్మకు చెప్పలేదు. “అణువనిన బాంబు కాదా? పెండ్లి కావలసిన పిల్లను చేతులార ఆ విషాగ్నిలోనికి తోయుదురా?” అని అత్తగారు ఆ పూట అన్నము ముట్టలేదు. ఆమె భయము ఊరక పుట్టినది కాదు. 2019లో నల్లమల యడవులలో యురేనియము వెదకుదురను వార్త పుట్టి, ఊరూర అలజడి లేచినది. ఆ యేడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకము వలదని తీర్మానించినది. నల్లమల నీడను బ్రదుకువారము మేము. ఆ దినముల మాటలు మా యింట నేటికిని మరువబడలేదు.

నిజము చెప్పవలెనన్న మేమును మొదట అత్తగారి పక్షముననే యుంటిమి. కాని తెలియని దానిని తెలిసికొనక కాదనుట తగదని తోచి, పిల్లను కూర్చుండబెట్టుకొని సాయంకాలములు పాఠము చెప్పించుకొంటిమి. బడిపంతులుగారైన మా వారు పక్కన కూర్చుండి సందేహములు తీర్చిరి. తెలిసినంతవరకు సోదరీమణులతో పంచుకొందుము.

అగ్ని యెట్టిది?

పొయ్యిలో కట్టె కాలుట మనమెరుగుదుము. రియాక్టరనబడు అణుపొయ్యిలో ఏదియు కాలదు, పగులును. యురేనియమను లోహమునందలి పరమాణువును న్యూట్రానను అతిసూక్ష్మకణము తాకినచో అది రెండు ముక్కలగును. ఆ పగులుటయందు వేడిమి పుట్టును. మరి రెండు మూడు న్యూట్రానులు వెలువడి ఇరుగుపొరుగు పరమాణువులను తాకును. 1939వ సంవత్సరారంభమున ఈ పగులుటకు సరియైన అర్థము చెప్పినవారిలో లీసె మైట్నరను విదుషీమణి యొకతె. పిల్ల ఈ మాట చెప్పినప్పుడు అమ్మమ్మ వంక ఓరగా చూచెను.

ఆ వేడిమితో నీరు ఆవిరియగును; ఆవిరి చక్రమును త్రిప్పును; చక్రము విద్యుత్తును పుట్టించును. కడపటి పని యంతయు బొగ్గు కేంద్రములలో వలెనే జరుగును. పొయ్యి మాత్రమే వేరు.

ఈ యురేనియము మనకు దూరపు వస్తువేమియు కాదు. కడప జిల్లాలో పులివెందులకు చేరువనున్న తుమ్మలపల్లెలో దాని గనియు శుద్ధి కర్మాగారమును 2012లో ఆరంభింపబడినవి. భూశాస్త్రజ్ఞులు కడప శిలాక్షేత్రమని పిలుచు ప్రాచీన శిలాసముదాయమునందే తుమ్మలపల్లె రాళ్లును, మా మార్కాపురపు పలకరాళ్లును చేరియున్నవి. మా పొరుగుననున్న కంభము పేరే ఈ పలకరాతి పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిరి. రెండు చోట్ల పొరలు వేరు, గుణములు వేరు. మా పలకలో యురేనియమున్నదని ఎవరును భయపడనక్కరలేదు. నూరు కోట్ల యేండ్లకు పైబడిన యొక్క కుటుంబమున పుట్టిన రెండు శాఖలని మాత్రమే భావము.

గనిలో దొరకిన ధాతువును శుద్ధిచేసి పసుపుపచ్చని ముద్దగా చేయుదురు. అట్టి ముద్ద హైదరాబాదునందలి న్యూక్లియరు ఫ్యూయల్ కాంప్లెక్సు అను కర్మాగారమునకు చేరును. ఇది 1971లో స్థాపింపబడినది. ముతక ధాతువు ఒక ద్వారమున లోపలికి పోయి, సిద్ధమైన ఇంధనము మరియొక ద్వారమున వెలికి వచ్చు కర్మశాల యిది. ఇచ్చట యురేనియమును ఆక్సైడు పొడిగా మార్చి, అచ్చులలో నొత్తి, చిన్న గుళికలుగా చేసి, 1,700 డిగ్రీలకు సమీపమైన వేడిమిలో కాల్తురు. మన ఊరగాయ జాడీ ఎట్లు కాలి గట్టిపడునో, ఈ గుళికయు అట్లే గట్టిపడును. జాడీ కులమునకు చెందినదే ఇదియు. నల్లగా, వ్రేలి కణుపంత యుండు గుళిక 2,800 డిగ్రీల వేడిమికి గాని కరగదు.

ఇంత గట్టి వస్తువునకు వేరొక పాత్ర యేల? గుళికలో పరమాణువులు పగిలినకొలది, ఆ ముక్కలన్నియు లోపలనే యుండును. వాటిలో ఘనములు కలవు, వాయువులు కలవు; పెక్కింటికి తీవ్రమైన రేడియోధార్మిక గుణము కలదు. అవి నీటిలో కలియరాదు, గాలిలో చేరరాదు. హాలాహలమును మ్రింగక, ఉమియక, కంఠముననే నిలిపినవాని కథ మనమెరిగినదే కదా! అట్టి కంఠము ఇచ్చట ఒక లోహపు గొట్టము. దానినే కవచమందుము.

పాత్ర యెట్టిది?

ఈ కవచమునకు కావలసిన గుణములను పిల్ల ఒక్కొక్కటిగా చెప్పుచుండ, మాకు కోడలిని వెదకు అత్తగారి కోరికలే తలపునకు వచ్చినవి. వేడిమిని వెంటనే నీటికి అందీయవలెను. సుమారు 300 డిగ్రీల నీటిలో నెలల తరబడి మునిగియున్నను త్రుప్పు పట్టరాదు. లోపలి గుళిక ఉబ్బినను పగులరాదు. వీటన్నిటికంటె ముఖ్యము, న్యూట్రానులను తాను మ్రింగరాదు. మ్రింగినచో పొయ్యి ఆరిపోవును.

ఈ గుణములు పెక్కు కలిగిన లోహము జిర్కోనియము. కేరళమున చవర, తమిళనాట మణవాళకురిచ్చి, ఒడిశాలో ఛత్రపురము మొదలగు తీరములలో సముద్రపు ఇసుకనుండి దీనిని తీయుదురు. ఐతే దీనికొక కవల కలదు, పేరు హాఫ్నియము. ఇసుకలో జిర్కోనియమున్నచోటనెల్ల నూటికి రెండు మూడు వంతులు ఇదియు నుండును. రసాయన గుణములలో రెంటికిని భేదము కనుగొనుట దుర్లభము. కాని జిర్కోనియము న్యూట్రానులను విడిచిపెట్టును. హాఫ్నియము కొన్ని వందల రెట్లు అధికముగా మ్రింగును. బియ్యములో మట్టిబెడ్డలు ఏరుట మనకు తెలియును. బియ్యపు గింజవలెనే యున్న రాతిని ఏరుటెట్లు? 1950 తరువాతి దశాబ్దములలో లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్‌గారి నాయకత్వమున మన దేశపు శాస్త్రజ్ఞులు ఈ వేరుచేయు విద్యను స్వయముగ సాధించిరి. నేడు హైదరాబాదులో ఆ పని నిత్యకృత్యముగ జరుగుచున్నది.

శుద్ధమైన జిర్కోనియమునకు నూటికి ఒకటిన్నర వంతు తగరమును, అత్యల్పముగ ఇనుమును క్రోమియమును చేర్చి, సన్నని గొట్టములుగ సాగదీయుదురు. గొట్టపు గోడ మందము అర మిల్లీమీటరు కంటెను తక్కువ. దానిలో గుళికలను వరుసగా పేర్చి, రెండు కొసలు మూసి అతికి, 19 గొట్టములను ఒక కట్టగా కట్టుదురు. కట్ట పొడవు సుమారు అర మీటరు; బరువు పదునారు కిలోలకు పైన. 220 మెగావాటుల రియాక్టరులో 306 వాహికలు, వాహికకు 12 కట్టలు, వెరసి 3,672 కట్టలుండును. అనగా దాదాపు డెబ్బదివేల గొట్టములు. వాటిలో నొకటి చిల్లిపడినను లోపలి విషము నీటిలోనికి జారును.

ఇక తట్టి చూచు విద్య. ప్రతి గొట్టమును మన చెవికి వినరానంత హెచ్చు స్వరముగల ధ్వనితో పరీక్షింతురు. ధ్వని గోడలో ప్రయాణము చేసి, వెంట్రుక వంటి బీట యెదురైన చోట ప్రతిధ్వనించును. యంత్రము ఆ ప్రతిధ్వనిని పట్టి చూపును. మూసి అతికిన పిమ్మట, లోపల నింపిన హీలియము వాయువు లేశమైనను వెలికి వచ్చుచున్నదా యని మరియొక పరీక్ష. పిల్ల ఇది చెప్పగా అత్తగారు మొదటిసారి తలయెత్తి, “ఐతే తట్టియే కొందురన్నమాట” అనిరి.

పాత్ర చెడిన దినములు

కాని ఆమె అంతటితో విడువలేదు. “అంత పరీక్షించిన కుండ జపానులో ఏల పగిలినది?” అని అడిగిరి. ఇది న్యాయమైన ప్రశ్న.

2011 మార్చి 11వ తేదీన జపానులో మహాభూకంపము కలిగెను. ఫుకుషిమాలో నడుచుచున్న రియాక్టరులు వెంటనే తమంతట తాము ఆగినవి. కాని పొయ్యి ఆర్పినను నిప్పుకణికల వేడి పోవునా? అణుపొయ్యిని ఆర్పిన క్షణమున, అంతకుముందున్న వేడిమిలో నూటికి ఆరేడు వంతులు ఇంకను పుట్టుచునే యుండును. అది దినదినము తగ్గును గాని ఒక్కమారుగ పోదు. ఆ వేడిని తీయుటకు నీరు పారుచునే యుండవలెను. సునామీ వచ్చి, నీటిని పంపు యంత్రములకు విద్యుత్తునిచ్చు సాధనములను ముంచివేసినది. నీరు నిలిచినది, కవచములు ఎర్రగా కాగినవి.

ఇచ్చటనే జిర్కోనియము యొక్క దోషము బయటపడును. 300 డిగ్రీల నీటిలో సాధువుగ నుండు ఈ లోహము, 1,200 డిగ్రీలు దాటిన ఆవిరిలో ఉగ్రరూపము దాల్చును. ఆవిరినుండి ప్రాణవాయువును లాగికొని, తానే మరింత వేడిని పుట్టించి, జలజనకమును అనగా హైడ్రోజనును విడుచును. ఆ హైడ్రోజను పోగుపడి ఫుకుషిమాలో భవనముల పైకప్పులను పేల్చినది. మూడు రియాక్టరులలో ఇంధనము కరగినది. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండునందును నీరు తగ్గి కవచములు ఇట్లే చెడినవి.

లక్కయింటి కథలో ధర్మరాజు గోడలను చూచి మురిసిపోక, నేతి వాసన లక్క వాసన పసికట్టి, ఇది దేనితో కట్టిన యిల్లని విచారించెను. ఇల్లు చల్లగా నున్నంతవరకు లక్కయు మంచి గోడయే. నిప్పు తాకిన నాడు గాని దాని స్వభావము తెలియదు. 2011 తరువాత లోకమందలి లోహశాస్త్రజ్ఞులందరు ఈ విచారణలోనే పడిరి.

కొందరు జిర్కోనియపు గొట్టముపై క్రోమియపు పలుచని పూత పూసిరి. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించుట మనకు క్రొత్త కాదు కదా! అట్టి పూత గొట్టములను 2019లో అమెరికాలోని వోగ్టిల్ రియాక్టరులో పరీక్షార్థము పెట్టిరి. మరికొందరు లోహమునే విడిచి, సిలికాను కార్బైడను మిక్కిలి కఠినమైన పదార్థముతో గొట్టములు నేయుచున్నారు. అది ఆవిరిలో జిర్కోనియమువలె చెలరేగదు. కాని జాడీవలె పెళుసు. ఆ పెళుసుతనమును మాన్పుటకే వారి యత్నమంతయు. ఇంకొక పద్ధతిలో ఇంధనమును ఆవగింజంత చేసి, దానిపై కర్బనము, సిలికాను కార్బైడు పొరలు పొరలుగా కప్పుదురు. పూర్ణమునకు తోపుపిండి పట్టించి బూరె వేసినట్లు, ప్రతి గింజకును తన పాత్ర తనకే యుండును.

కల్పాక్కపు విద్య

మా పిల్ల పోవలసిన కల్పాక్కము చెన్నపట్టణమునకు దక్షిణమున సముద్రతీరమందున్నది. అచ్చట మరియొక విధమైన రియాక్టరులపై పరిశోధన జరుగును. వీటిలో నీటికి బదులు కరగిన సోడియము ప్రవహించును. న్యూట్రానులు మిక్కిలి వేగముగ నుండును. కవచము సుమారు 550 డిగ్రీల వేడిమిని, అంతకు మించిన వేడిమిని ఓర్వవలెను. అందులకు జిర్కోనియము చాలదు. ప్రత్యేకమైన ఉక్కు కావలెను.

ఉక్కుకు వచ్చు రోగము చిత్రమైనది. వేగముగల న్యూట్రానులు తాకి తాకి, లోహములోని పరమాణువులు తమ స్థానములనుండి తొలగును. వదలిన ఖాళీలు ఒక్కచోట చేరి, పులిసిన పిండిలో బుడగలవలె పెరుగును. ఉక్కు ఉబ్బును. 1967లో ఇంగ్లండువారు తమ డౌన్‌రే రియాక్టరు ఉక్కులో దీనిని కనిపెట్టువరకు ఇట్టి రోగము కలదని ఎవరును ఎరుగరు. దీనికి మందుగా, నూటికి 15 వంతులు క్రోమియము, 15 వంతులు నికెలు, కొద్దిగా టైటానియము కలిపి, చల్లగానున్నప్పుడే సాగదీసి బిగువెక్కించిన డి-9 అను ఉక్కును ఎన్నుకొనిరి. కల్పాక్కములో కట్టిన 500 మెగావాటుల వేగరియాక్టరుకు ఈ ఉక్కే కవచము. దీనికంటె మేలైన దానికై, సన్నని యిట్రియము ఆక్సైడు పొడిని ఉక్కు పొడితో కలిపి మరలలో నూరి గొట్టములు చేయు విద్యను, కల్పాక్కమువారును హైదరాబాదు పరిశోధనాలయములవారును కలిసి సాధించుచున్నారు.

మా మనస్సును మార్చినది మాత్రము కల్పాక్కపు చిన్న రియాక్టరు కథ. ఇది 1985 అక్టోబరు 18న మొదలుపెట్టబడినది. 1974 పోఖ్రాన్ పరీక్ష తరువాత విదేశమునుండి రావలసిన ఇంధనము రాలేదు. మనవారు ప్లుటోనియము, యురేనియము కలిసిన కార్బైడు ఇంధనమును తామే చేసికొనిరి. అట్టి ఇంధనముతోనే రియాక్టరు నడుపుట లోకమున అదే మొదలు. కవచము ఎంతకాలము ఓర్చునో చెప్పగల పుస్తకము ఎచ్చటను లేదు. అప్పుడేమి చేసిరి? ఆరంభమున మిక్కిలి తక్కువ హద్దు పెట్టుకొనిరి. కొంతకాలము వాడి, ఒక కట్టను వెలికి తీసి, కవచమును కోసి, కొలిచి, సూక్ష్మదర్శినిలో చూచి, ఇంకను ఓర్చునని తెలిసిన పిమ్మట హద్దును కొంచెము పెంచిరి. మరల తీసి, మరల చూచి, మరల పెంచిరి. ఇట్లు ఒక కట్ట మొదటి హద్దునకు ఆరు రెట్లు మించి పనిచేసినది.

ఆ కోసి చూచు పని ఎట్లు చేయుదురని అత్తగారు ప్రత్యేకముగ అడిగిరి. మిక్కిలి మందమైన కాంక్రీటు గోడల గదిలో కట్టను పెట్టి, సీసము కలిసిన దళసరి అద్దపు కిటికీగుండ చూచుచు, వెలుపల నిలిచినవారు తమ చేతులను కదల్పగా లోపలి యంత్రహస్తములు అట్లే కదలి పని చేయును. శరీరమునకు సోకిన కిరణమాత్రను కొలుచు చిన్న సాధనమును ప్రతివారును ధరింతురు. దాని లెక్కను వ్రాసి యుంచుదురు.

అత్తగారి ప్రశ్న

పాఠములన్నియు ముగిసిన రాత్రి అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట తన అన్నగారి మాట యెత్తిరి. ఆయన యౌవనమంతయు పలకలు కోయు పనిలో గడిపెను. మా యూరి పలకలు దేశమంతట పిల్లలకు అక్షరములు దిద్దించినవి. ఆ ధూళి మాత్రము ఆయన రొమ్ములో నిలిచిపోయినది. దగ్గుచు దగ్గుచు నలుబది యేండ్లు నిండకనే పోయెను. “ధూళి మంచిది కాదని తెలిసినవారు ఆనాడు ఉండిరో లేదో! చెప్పినవారు మాత్రము లేరు. ముక్కునకు గుడ్డ కట్టుకొమ్మని ఒక్కరైనను అనలేదు” అని కన్నులొత్తుకొనిరి.

మేమును మా వారును తలవంచుకొంటిమి. అణువునకు అంతగా భయపడిన మేము, మా వాకిట రాలుచున్న రాతిధూళిని గూర్చి ఎన్నడైన ఆలోచించితిమా? తుమ్మలపల్లె చుట్టుపట్ల రైతులు తమ బావినీరు చెడినదని మొరపెట్టుకొనినప్పుడు పత్రికలో చదివి పుట త్రిప్పితిమి గదా! వాడిన ఇంధనమును తరతరములు కాపాడవలసిన భారమును తేలికైనది కాదు. ఈ విద్యలో అంతయు మంచిదేయని చెప్పుట మా యుద్దేశము కాదు. గొట్టము ఎంత మంచిదైనను, దానిని పరీక్షించినవారు నిజము చెప్పినప్పుడే అది కవచము.

అత్తగారు మనుమరాలిని దగ్గరకు పిలిచి, “ఒక్కటి చెప్పుము తల్లీ! నీవు తట్టి చూచిన గొట్టము బీటవారినదనుకొందము. పని ఆగిపోవును, మంచిదని వ్రాయుమని పైవారు అందురనుకొందము. అప్పుడు నీవేమి వ్రాయుదువు?” అని అడిగిరి.

పిల్ల వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి, “బీటవారినదనియే వ్రాయుదును అమ్మమ్మా! అందులకై ఉద్యోగము పోయినచో గిద్దలూరు ఉండనే యున్నది” అనెను.

“ఐతే పోయిరమ్ము” అని అత్తగారు లేచి వంటింటిలోనికి పోయిరి.

ప్రయాణపు దినమున ఆమె మాగాయ పెట్టుటకు అటకమీదనుండి రెండు జాడీలు దింపించిరి. మొదటిదానిని తట్టి చూచి పక్కన పెట్టిరి. రెండవది ఖంగున మ్రోగినది. దానినే నింపి, మూతికి గుడ్డ కట్టి, ఒంగోలు బస్సులో పిల్ల ఒడిలో పెట్టిరి.

సోదరీమణులారా! మీ యింటను ఇట్టి విద్యకు పోదునను పిల్ల యుండవచ్చును. భయము కలిగినచో దాచుకొనకుడు; అడుగుడు. ఆమె చెప్పినది తెలియకున్న మరల అడుగుడు. కడపట మా అత్తగారి ప్రశ్నను కూడ అడిగి, దానికి తగిన బదులు వచ్చినచో ఆ పిల్లను ఆపకుడు. అగ్నిని దాచు పాత్రలను తట్టి చూచుటకు, బీటను బీటయని చెప్పుటకు, మన పిల్లలు కావలెను.